పౌరుష గ్రంథి – పరీక్ష – మన సంకోచం

ఇంటి పెద్ద రాత్రివేళ నాలుగైదుసార్లు లేస్తూ ఉంటే, తహజ్జుద్ నమాజు కొరకేమో అని ఇంటివారు గౌరవంతో ఊరుకొంటారు. ఆయన కూడ సిగ్గుతో నోరు విప్పడు. ప్రోస్టేట్‌కు తెలుగులో ‘పౌరుష గ్రంథి’ అనే పేరు ఉండడం వల్ల ఈ సిగ్గు మరికొంత పెరిగినదేమో అని మాకు అనిపిస్తుంది. పేరులోనే పౌరుషం ఉండగా జబ్బును ఒప్పుకొనేదెవరు?

మూత్రాశయానికి దిగువన, మూత్రనాళాన్ని చుట్టుకొని, అక్రోటుకాయంత పరిమాణంలో ఈ గ్రంథి ఉంటుంది. వయస్సు మీరినకొద్దీ ఇది ఉబ్బి నాళాన్ని నొక్కుతుంది. పలుమార్లు లేవడానికి, ధార సన్నబడడానికి చాలమందిలో కారణం ఈ ఉబ్బే గాని క్యాన్సర్ కాదు. క్యాన్సర్ తరచుగా గ్రంథి వెలుపలి భాగంలో మొదలవుతుంది కనుక తొలిదశలో ఏ బాధా కలిగించదు. కావున బాధ ఉన్నదని బెదరిపోవడమూ, లేదని నిశ్చింతగా ఉండడమూ రెండూ పొరపాట్లే. బాధ ఉన్నవారు ఎట్లాగూ వైద్యునికి చూపించుకొనవలసినదే.

ఈ వ్యాధి యాభై దాటినవారిలోనే అధికం. తండ్రికి గాని సోదరునికి గాని వచ్చి ఉంటే అవకాశం సుమారు రెట్టింపు. బి.ఆర్.సి.ఎ.2 అనే జన్యువులో లోపం సంక్రమించినవారికి కూడ ప్రమాదం హెచ్చు. స్త్రీలలో రొమ్ము క్యాన్సర్‌కు హేతువయ్యేదీ ఆ లోపమే కనుక తల్లివైపు చరిత్ర కూడ అడిగి తెలిసికొనవలెను.

పరీక్ష సులభమే. రక్తంలో పి.ఎస్.ఏ. అనే పదార్థాన్ని కొలుస్తారు. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటితే అనుమానించడం చిరకాలపు ఆనవాయితీ. చిక్కంతా ఆ తరువాతనే. ఉబ్బు వల్ల, ఇన్‌ఫెక్షన్ వల్ల కూడ ఆ అంకె పెరుగుతుంది. క్యాన్సర్ ఉండి కూడ పెరగకపోవచ్చు. ప్రాణహాని చేయని మందకొడి క్యాన్సర్లు సైతం బయటపడతాయి. వాటికి చేసిన శస్త్రచికిత్స వల్ల మూత్రం ఆపుకొనలేక, దాంపత్యశక్తి కోల్పోయి బాధపడినవారున్నారు. ఐరోపాలో 55–69 ఏండ్ల పురుషులు 1,62,000 మందికి పైగా పాల్గొన్న అధ్యయనపు ఫలితాలు 2009లో వెలువడ్డాయి. పరీక్షకు పిలిచిన వర్గంలో ఈ వ్యాధి మరణాలు సుమారు 20 శాతం తగ్గాయి. అయితే ఒక్క మరణాన్ని తప్పించడానికి అదనంగా 48 మందికి చికిత్స చేయవలసి ఉంటుందని కూడ తేలింది. ఈ లెక్కలో రెండవ భాగాన్ని దాచిపెట్టి మొదటిది మాత్రమే చెప్పడం న్యాయం కాదు.

నేడు పద్ధతి కొంత మారింది. అనేకచోట్ల మొదట ఎం.ఆర్.ఐ. తీసి, అవసరమైతేనే ముక్క తీసి చూస్తున్నారు. ప్రమాదం తక్కువగా ఉంటే కోయక, కనిపెట్టి ఉంటున్నారు. 55–69 మధ్యవారు వైద్యునితో మాట్లాడి తామే నిర్ణయించుకొనవలెననీ, డెబ్బై నిండినవారికి ఈ పరీక్ష తగదనీ అమెరికాలోని నిపుణుల సంఘం 2018లో సూచించింది. కుటుంబంలో వ్యాధి ఉన్నవారు ఆ సంభాషణను ఇంకా ముందుగానే ప్రారంభించడం మంచిది.

ఇరవై ఏండ్ల విద్యార్థికి ఇది తన సంగతి కాదనిపించవచ్చు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తాతగారికి, పెదనాన్నగారికి ఈ జబ్బు ఉండెనా అని అడగడం మాత్రం అతని వల్ల అయ్యే పనే. తండ్రిగారి ఎదుట నోరు పెగలకపోతే ఈ సంచికను ఈ పుట వద్ద తెరచి ఆయన బల్లపై ఉంచి రావచ్చును.