మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషన్‌కు తొందరపడాలా?

కబడ్డీలో కాలు మెలిపడింది, లేదా బైకు జారింది. మోకాల్లో ‘టప్’మని శబ్దం, గంటల్లోనే వాపు. ఎమ్మారైలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిందని తేలగానే ఇంట్లో అందరికీ ఆపరేషన్ తేదీ గురించే బెంగ. ఆ బెంగతో తొందరపడి కొందరు, ఏళ్లకేళ్లు వాయిదా వేసి మరికొందరు నష్టపోవడం బాధ కలిగిస్తుంది.

అపోహ: వారంలోపు చేయించకపోతే లిగమెంట్ ఇక అతకదు.

వాస్తవం: తెగిన ఏసీఎల్‌ను సాధారణంగా కుట్టి అతికించరు. తొడ వెనక నుంచో, మోకాలిచిప్ప కింద నుంచో తీసిన స్నాయువుతో కొత్తదాన్ని అమరుస్తారు. కాబట్టి కొన్ని వారాలు ఆగితే చేయిదాటిపోదు. పైగా వాపు మీదున్న మోకాలికి ఆపరేషన్ చేస్తే లోపల మచ్చకణజాలం పెరిగి కీలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. మొదటి వారంలోనే ఆపరేషన్ అయినవారిలో, మూడు వారాలకు పైగా ఆగినవారి కంటే ఈ ఇబ్బంది ఎక్కువని 1991లో అమెరికా సర్జన్ షెల్‌బోర్న్ బృందం చూపించింది. వాపు దిగాలి, కాలు పూర్తిగా చాపగలగాలి, తొడ కండరం బిగించగలగాలి. ముహూర్తం పెట్టాల్సింది వీటిని చూసే. అలాగని ఆ వారాలు మంచం మీద గడపకూడదు, ఫిజియోథెరపీ చేయాలి.

అపోహ: ఏసీఎల్ తెగితే ఆపరేషన్ తప్పదు.

వాస్తవం: అందరికీ తప్పనిసరి కాదు. స్వీడన్‌లో చురుగ్గా ఆటలాడే 121 మంది యువతీయువకులపై జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవారికీ, ముందు వ్యాయామ చికిత్స తీసుకుని అవసరమైతేనే ఆపరేషన్‌కు వెళ్లినవారికీ రెండేళ్ల తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో బృందంలో దాదాపు సగం మందికి అయిదేళ్లు గడిచినా ఆపరేషన్ అవసరం రాలేదు. అయితే దెబ్బ పాతబడి, మోకాలు పదేపదే పట్టు తప్పుతున్నవారి సంగతి వేరు. అలాంటి 316 మందిపై బ్రిటన్‌లో జరిపిన అధ్యయనంలో (2022) ఆపరేషన్‌కే మెరుగైన ఫలితం వచ్చింది.

అపోహ: నడవగలుగుతున్నాను కదా, ఎప్పుడైనా చేయించుకోవచ్చు.

వాస్తవం: మెట్లు దిగుతున్నప్పుడో, పక్కకు తిరిగినప్పుడో మోకాలు జారిపోతుంటే ఆగకూడదు. జారిన ప్రతిసారీ కీలులోని మెత్తటి మెనిస్కస్ చిరిగే అవకాశం ఉంది. అది పోతే కీలు త్వరగా అరుగుతుంది.

అపోహ: ఏ లిగమెంట్‌కైనా ఇదే లెక్క.

వాస్తవం: మోకాలి లోపలి పక్క ఉండే ఎంసీఎల్ ఒక్కటే దెబ్బతింటే చాలాసార్లు బ్రేస్‌తోనే మానుతుంది. చిరిగిన మెనిస్కస్ అడ్డుపడి కాలు చాపలేకపోయినా, లిగమెంట్‌తోపాటు ఎముక ముక్క ఊడినా వారాల తరబడి ఆగకూడదు. ఇక మోకాలి కీలే తప్పి పాదం చల్లబడినా, పాలిపోయినా కట్లు, మర్దనల జోలికి పోకండి. వెంటనే రక్తనాళాల సర్జన్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి. రక్తప్రసారం ఆగిన కాలును దక్కించుకోవడానికి ఉండే వ్యవధి ఆరు నుంచి ఎనిమిది గంటలే.