కడిగిన గిన్నెల నీళ్లు ఎటు పోవాలి?

హైదరాబాద్–బీజాపూర్ రహదారి మీద చేవెళ్ళ దాటాక వచ్చే ఆలూరులో గానీ, చుట్టుపక్కల ఊళ్లలో గానీ పాత ఇళ్లలో బోళ్లు తోమే పని పెరట్లో మోరి పక్కన జరిగేది. కడిగిన గంజులు, తలెలు, చెంబులు బండ మీద బోర్లిస్తే మిగతా పని ఎండ చూసుకునేది. కొత్త ఇల్లు కట్టేటప్పుడు తోమే పనిని లోపలికి తెచ్చుకుంటున్నాం గానీ ఆ బండను తేవడం మరిచిపోతున్నాం. సింకు ఒక్కటే బిగించి, కడిగిన గిన్నెలను గట్టు మీద తువ్వాలు పరిచి పెడుతున్నాం. నీళ్లు స్టవ్వు కిందికి పారుతున్నాయి. అందుకే సింకు కొనడానికి ముందే నీళ్లు ఓడ్చే చోటు తేల్చుకోవాలి.

ఒక పూట భోజనాలయ్యాక ఇంట్లో పడే గిన్నెలన్నీ నేల మీద బోర్లించి చూడండి. అవి ఆక్రమించిన జాగాయే మీకు కావలసిన ఓడ్పు బల్ల కొలత. నలుగురైదుగురున్న ఇంటికి సింకు పక్కన రెండడుగులు విడిచిపెడితే ఇబ్బంది ఉండదు. సింకు కొలతకు మాత్రం రోజూ వాడే పెద్ద గిన్నెనే తీసుకోవాలి. పిడితో సహా కుక్కర్ అడ్డంగా పట్టాలి, దాన్ని తిప్పడానికి చోటూ ఉండాలి. కూరగాయలు పండించే ఇళ్లలో మట్టితో వచ్చిన ఆకుకూరలు, క్యారెట్ కడగడానికీ ఆ తొట్టే కావాలి. బల్లతో కలిసి వచ్చే 37 × 18 అంగుళాల సింకు దుకాణంలో పెద్దదిగా కనిపిస్తుంది కానీ, అందులో దాదాపు సగం బల్లకే పోతుంది. పొడవు చూసి మోసపోకుండా తొట్టి లోపలి కొలత టేపుతో చూసుకోవాలి. జాగా ఉంటే 24 × 18 సింకు పెట్టి, పక్కన గట్టు బండకే వాలు ఇప్పించుకోవడం మేలు.

ఆ వాలు సింకు వైపే ఉండాలి. రెండడుగుల పొడవుకు అరంగుళం సరిపోతుంది. అంతకు మించితే పొడవాటి గ్లాసులు నిలబడవు, తగ్గితే నీళ్లు కదలవు. వాలు మొదలయ్యే చోట చిన్న అంచు ఉంటే నీళ్లు స్టవ్వు వైపు రావు. పైనుంచి బిగించే సింకుకు అంచు కొంచెం లేచి ఉంటుంది కాబట్టి బండ నుంచి దిగే నీళ్లు అక్కడే ఆగిపోతాయి. బండకే వాలు ఇప్పించేవాళ్లు సింకును కింది నుంచి బిగించుకోవాలి, నీళ్లు నిండినా దిగజారకుండా కింద ఆధారం ఇప్పించాలి. సిమెంటు గట్టిపడకముందే మేస్త్రీ ఎదుటే చెంబెడు నీళ్లు పోసి చూడాలి. తరవాత సరిచేయాలంటే బండ పగలగొట్టాల్సిందే.

ఇక ఏ బండ? మనకు పడమటి దిక్కున తాండూరు రాయి దగ్గరలోనే దొరుకుతుంది, ధర తక్కువ. అది సున్నపురాయి. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మెరుపు పోయి మచ్చ తేలుతుంది. పెరట్లో బోళ్లు తోమే గట్టుకు అది చక్కగా పనికొస్తుంది, వంటింటి గట్టుకు మాత్రం గ్రానైటే నయం. గ్రానైట్‌ను ఈ పులుపు ఏమీ చేయదు.

బోరునీళ్లు ఆరిపోయాక మిగిలే తెల్లని పొరలో ఎక్కువగా ఉండేది కాల్షియం కార్బొనేట్, అంటే తాండూరు రాయిలో ఉన్న పదార్థమే. రాయిని పాడుచేసే చింతపండే స్టీలు సింకు మీది తెల్లమరకను వదిలిస్తుంది. పిప్పితో రుద్ది, కాసేపు ఉంచి కడిగితే చాలు. అయితే నీళ్లు నిలవకపోతే ఆ పొర అంతగా పేరుకోదు. కాబట్టి బోరునీళ్లున్న ఇంట్లో వాలు మరీ ముఖ్యం.

స్టీలులో 304 రకం అడగండి. అందులో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలనే నమ్మకం చాలదు, నికెల్ తక్కువున్న 202 రకానికీ అది సాధారణంగా అంటుకోదు. సింకు మీది ముద్ర చూసి, బిల్లు మీద కూడా రకం రాయించుకోవాలి. గేజ్ అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. ఇంటికి 18 గేజ్, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, సరిపోతుంది. స్టీలును కాపాడేది క్రోమియం గాలితో కలిసి ఏర్పరచే పలుచని పొర. బాత్రూం కడిగే యాసిడ్ ఆ పొరను తినేస్తుంది, దాన్ని సింకు దగ్గరికి రానివ్వకండి.

చివరిది, అన్నిటికన్నా పట్టించుకోవలసినది, ఎత్తు. గట్టు 33 అంగుళాలుండి తొట్టి లోతు 10 అంగుళాలైతే చేతులు 23 అంగుళాల దాకా దిగాలి. పొడగరులకే కాదు, పొట్టివాళ్లకూ నడుము వంగుతుంది. 8 అంగుళాల లోతు చాలామందికి సుఖం. ఇంట్లో గిన్నెలు కడిగేది అమ్మయినా, కోడలైనా, పనికి వచ్చే అక్కయినా, గట్టు కట్టకముందే ఆమెను అక్కడ నిలబెట్టి, మోచేతి నుంచి మూడు నాలుగు అంగుళాలు కిందికి గోడ మీద గీత గీయించండి. మేస్త్రీకి ఇవ్వాల్సిన కొలత అదే. ఏళ్ల తరబడి రోజూ రెండు మూడు పూటలు అక్కడ నిలబడేది ఆమె. వంటింట్లో మొదటి మాట ఆమెదే కావాలి.