చిల్లుల పొరలో ఎలక్ట్రాన్ దారి

తెల్ల పెయింట్లలో వాడే టైటానియం డయాక్సైడ్‌కు కంటికి కనిపించే వెలుగు పట్టదు. అతినీలలోహిత కిరణాలనే పీల్చుకుంటుంది. వెలుగు పట్టే పని దానికి అద్దిన రంగుకు అప్పజెబితే సౌరఘటం తయారవుతుంది. కానీ నున్నటి స్ఫటికం మీద ఒక్క అణువు మందాన పరుచుకున్న రంగు, పడిన వెలుగులో ఒక శాతం కూడా పట్టలేదు. పోనీ రంగు మందంగా వేద్దామంటే, పై అణువుల్లోని ఎలక్ట్రాన్లు ఆక్సైడ్ దాకా చేరవు.

1991లో స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో బ్రయన్ ఓరెగన్, మైఖేల్ గ్రాట్జెల్ ఈ చిక్కు విప్పారు. కొద్ది నానోమీటర్ల ఆక్సైడ్ రేణువులను విద్యుత్తు పారే గాజు మీద 10 మైక్రాన్ల పొరగా పరిచి కాల్చారు. సుమారు 450 డిగ్రీల వేడిలో రేణువులు మరమరాల ఉండలా అక్కడక్కడా అతుక్కుని, మధ్యలో సందులు మిగులుతాయి. ఆ సందుల గోడలన్నీ కలిపితే వైశాల్యం చదును పొరకు వందల రెట్లు. రంగులో ముంచితే తెల్లటి పొర లోలోపలి దాకా ఎర్రబారుతుంది. కృత్రిమ ఎండలో సామర్థ్యం 7 శాతం దాటింది. ఉస్మానియాలో చదివిన నజీరుద్దీన్ ముఖ్య రచయితగా 1993లో వెలువడిన పరిశోధన పత్రంలోని రుథేనియం రంగుతో అది 10 శాతానికి చేరింది.

మరి ఇన్ని చిల్లుల మధ్య ఎలక్ట్రాన్ ఎలా నడుస్తుంది? సందులనిండా, రంగు పోగొట్టుకున్న ఎలక్ట్రాన్లను దానికి తిరిగిచ్చే అయోడైడ్ ద్రావణం ఉంటుంది. అందులోని అయాన్లు విద్యుత్ క్షేత్రాన్ని కప్పేస్తాయి కనుక ముందుకు నెట్టే బలం లేదు. ఎలక్ట్రాన్ ఒక రేణువు నుంచి పక్క రేణువుకు దిక్కు లేకుండా తిరుగుతూ, లోపాల్లో చిక్కుతూ, విడిపించుకుంటూ మిల్లీసెకన్లలో గాజు చేరుతుంది. ద్రావణం దాన్ని లాక్కోవడం అంతకన్నా నెమ్మది కావడమే ఈ ఘటానికి ప్రాణం.

సందులు మరీ పెరిగితే ఒక్కో రేణువుకు ఇరుగుపొరుగు తగ్గుతారు, దారులు సగంలో ఆగిపోతాయి, ఎలక్ట్రాన్ తిరుగుడు పెరుగుతుంది. మరీ తగ్గితే ద్రావణంలోని అయాన్లు లోపలికీ బయటికీ కదలలేవు.

తిరుగుడే లేకుండా చేద్దామని 2005లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పరిశోధకులు జింక్ ఆక్సైడ్ నానోతీగలను నిలువునా పెంచారు. ఎలక్ట్రాన్‌కు తిన్నని బాట దొరికింది. రంగు పట్టే చోటు మాత్రం తగ్గింది. సామర్థ్యం 1.5 శాతం దగ్గరే ఆగింది. ఎలక్ట్రాన్ ఎంత వేగంగా నడిచినా, ముందు వెలుగు దాన్ని పుట్టించాలి కదా!