జలసంధి యొడ్డున జొహోర్ బారు పాత స్టేషను

మలయా ద్వీపకల్పము దక్షిణమున ముగియుచోట, సింగపూరు ద్వీపమును దానినుండి వేరుచేయు సన్నని జలసంధి యొడ్డున, 1855లో జొహోర్ పాలకుడగు తెమెంగోంగ్ దాయింగ్ ఇబ్రహీము నెలకొల్పిన తంజుంగ్ పుతేరి యను చిన్న రేవే నేటి జొహోర్ బారు మహానగరము. ఆయన కుమారుడగు అబూ బకరునకు రైలుమార్గముపై మక్కువ మెండు. 1869లోనే గునుంగ్ పులై కొండవైపునకు కొయ్యపట్టాల దారి వేయ నారంభింపజేసెను గాని, ధనము చాలకయు, కొయ్యకు చెదలు పట్టియు నా ప్రయత్నము నడుమనే నిలిచిపోయెను.

అబూ బకరు కుమారుడగు సుల్తాను ఇబ్రహీము కాలమున, గెమాసు పట్టణమునుండి తీరమువరకు సుమారు 120 మైళ్ల ఇనుపదారి పూర్తియై, 1909లో ఇచ్చట స్టేషను వెలసెను. ఆవలి యొడ్డున సింగపూరు రైలు 1903 నాటికే ఉడ్లాండ్సు చేరియుండెను. కాని నడుమ నీరు. ప్రయాణికులు దిగి, పడవలో దాటి, మరల రైలెక్కవలసివచ్చెడిది. సరకుపెట్టెలను మాత్రము దింపుటయు నెక్కించుటయు లేకయే, పట్టాలు పరచిన ఫెర్రీలమీదికి నెట్టి యావలికి చేర్చెడివారు. రబ్బరు సాగు ప్రబలినకొలది ఈ ఫెర్రీలు చాలవయ్యెను. అందువలన 1919లో పని మొదలిడి, ఉబిన్ ద్వీపమునుండియు బుకిత్ తిమా గనులనుండియు తెచ్చిన రాతితో, ఇంచుమించు కిలోమీటరు పొడవున సముద్రమునకు అడ్డముగా కట్ట పోసిరి. 1923లో రైళ్లు దానిమీద నడచెను. 1924 జూన్ 28న ప్రారంభోత్సవము జరిగెను.

స్టేషను చెంతనే భారతీయుల పేట పెరిగినది. 1911లో వెలసిన రాజమారియమ్మన్ ఆలయము నేటికిని దానికి సాక్షి. తమిళులతోపాటు మన విశాఖ, గోదావరి మండలములనుండియు వేలాది కూలీలు మలయా తోటలకు తరలిపోయిన కాలమది. వారు గీసిన రబ్బరుపాలే ఆ సరకుపెట్టెలను నింపినవని తలచినప్పుడు, ఈ పరదేశపు స్టేషను నాకు మన చరిత్రలోని యధ్యాయముగనే తోచును.

1942 జనవరి 31న, జపాను సేనలకు వెఱచి వెనుదిరిగిన బ్రిటిషు పక్షమువారు కట్టను ప్రేల్చి గండి కొట్టిరి. జపానువారు దానిని త్వరలోనే పూడ్చుకొనిరి. అంతకంటె లోతైన గండి పిదప పడినది. స్టేషను కట్టిననాడు పాలనలు వేరైనను రాకపోకలకు అడ్డులేదు. 1965 ఆగస్టు 9న సింగపూరు మలేషియానుండి విడివడుటతో, అప్పటికి ఒకే దేశపు నగరములను కలుపుచుండిన ఆ దారి రెండు దేశముల సరిహద్దుగా మారెను. 1967 నుండి దాటువారికి తనిఖీలు తప్పలేదు. పట్టాలు కదలలేదు, కట్ట కదలలేదు. స్టేషను మాత్రము రాజ్యద్వారమైనది.

2010 అక్టోబరు 21న ప్రక్కనే జేబీ సెంట్రల్ తెరవబడగా పాత భవనము విరామము నొందెను. దానిని కూల్చక ప్రదర్శనశాలగా నిలుపుట ఎంతయు యోగ్యమైన పని. 2011 జూన్ 30 రాత్రి సింగపూరులోని తంజోంగ్ పగార్ స్టేషనునుండి బయలుదేరిన చివరి రైలును, తన ముత్తాతయగు సుల్తాను ఇబ్రహీము కాలపు కట్టమీదుగా, నాటి జొహోర్ సుల్తాను ఇబ్రహీము ఇస్మాయిల్ స్వయముగా నడిపెను. 2015 నుండి తెబ్రావు అను షటిల్ బండి జేబీ సెంట్రల్ నుండి ఉడ్లాండ్సునకు సుమారు ఐదు నిమిషములలో చేరుచున్నది. ఆ స్వల్పప్రయాణమునకు మాత్రము ఈవల నొకమారు, ఆవల నొకమారు పాస్‌పోర్టు చూపవలెను.