పైట ఎవరిది, చూపు ఎవరిది?

జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’ అన్నప్పుడు, 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వెలువడినప్పుడు సాహిత్యలోకంలో దుమారం లేచింది. ‘నీలి కవిత్వ’మన్న నింద కూడా వినబడింది. ఆ కవితను బట్టల తగాదాగా చదవడం పొరపాటు. అక్కడ పైట, సిగ్గు పేరిట స్త్రీపై పెట్టిన కాపలాకు గుర్తు.

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో నాట్లు వేసే కూలితల్లి చీర ఎగజెక్కుకొని బురదలో దిగుతుంది. ఆమె కట్టును నిర్ణయించేది పని. గడీల కాలంలో దొర కన్ను పడితే నిండు కొంగు కూడా ఆమెను కాపాడలేకపోయింది. కనుక అపరాధం బట్టది కాదు, అధికారానిది.

మార్కెట్టు స్త్రీని విప్పి అమ్ముతుంది. భూస్వామ్య నీతి కప్పి దాస్తుంది. రెండింటికీ ఆమె సొత్తే. స్త్రీల అసభ్య చిత్రణను నిషేధిస్తూ 1986లో చట్టం వచ్చింది. అది ప్రకటనలను, ప్రచురణలను పట్టుకోగలదు గాని చూపును మార్చలేదు.

ఆ పని రచయితది. అయితే దొర దౌర్జన్యాన్ని ఖండించే మన కథల్లోనే కొన్నిచోట్ల బాధితురాలి శరీర వర్ణన దొర కళ్ళతోనే సాగుతుంది. ఖండన మాటల్లో, ఆస్వాదన వర్ణనలో! రాసినదాన్ని ఈ దృష్టితో మళ్ళీ చదువుకోవాలి. ఏం కట్టుకోవాలో ఆమె నిర్ణయించుకుంటుంది. ఎట్లా చూస్తున్నామో మనం తేల్చుకోవాలి.