ఇంజనీరింగ్ తర్వాత ఫైనాన్స్: దరఖాస్తుకు ముందు ఒక్క మాట

జుమా నమాజు ముగిశాక మసీదు ముందు నిలబడి మాట్లాడుకునే పెద్దల నోట ఈమధ్య ఒక కొత్త ప్రశ్న వినిపిస్తోంది. "మావాడు బి.టెక్. పూర్తిచేశాడు భాయ్. ఇప్పుడు ఫైనాన్స్ చదువుతానంటున్నాడు. ఎక్కడ అప్లై చేయమంటారు?"

నవాబుపేట లాంటి మండల కేంద్రంలో దీనికి జవాబు చెప్పగలవారు అరుదు. చివరకు కన్సల్టెన్సీ వారి జాబితాయే ఆధారమవుతుంది. ఆ చదువు వెనుక ఒక కుటుంబం ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ము ఉంటుంది, ఒక్కోసారి అరెకరం భూమి ఉంటుంది. కనుక జాబితా మనమే తయారుచేసుకోవాలి.

ఇంజనీరు ఫైనాన్స్‌లోకి వెళ్ళడం వింతేమీ కాదు. 2013 నుంచి 2016 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేసిన రఘురాం రాజన్ ఢిల్లీ ఐ.ఐ.టి.లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివినవారే. అయితే ఫైనాన్స్ అనే ఒక్క పేరు కింద మూడు వేర్వేరు చదువులున్నాయని ముందుగా గ్రహించాలి.

మొదటిది ఫైనాన్షియల్ ఇంజనీరింగ్. అమెరికాలో కార్నెగీ మెలన్ 1994లో, బర్క్‌లీ 2001లో ఇలాంటి కోర్సులు ప్రారంభించాయి. ఇందులో సంభావ్యత, అవకలన సమీకరణాలు, ప్రోగ్రామింగ్ ప్రధానం. లెక్కల్లో దిట్ట అయిన ఇంజనీరుకు ఇది దగ్గరి దారి. లెక్కల పేపర్లు ఎలాగో గట్టెక్కినవారికి మాత్రం కాదు.

రెండవది మాస్టర్స్ ఇన్ ఫైనాన్స్. కంపెనీల ఖాతాలు చదవడం, పెట్టుబడులను బేరీజు వేయడం ఇందులో నేర్పుతారు. అకౌంట్స్ తెలియనివారు చేరకముందే నేర్చుకోవాలి. దీనికి దగ్గరగా ఉండే ఎం.ఏ. ఫైనాన్షియల్ ఎకనామిక్స్ హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే ఉంది. వికారాబాద్ రైలు దారిలోని లింగంపల్లి స్టేషనుకు అది ఎంతో దూరం కాదు.

మూడవది ఎం.బి.ఎ. విదేశాల్లో ఇది రెండు మూడేళ్ళు ఉద్యోగం చేసినవారికే ఎక్కువగా కలిసివస్తుంది. మన దగ్గరైతే ఐసెట్, క్యాట్ పరీక్షలు దీనికి ద్వారాలు.

"వడ్డీ మనకు నిషిద్ధం కదా, ఈ చదువు ఎందుకు?" అని కొందరు సందేహిస్తారు. న్యాయమైన సందేహమే. కానీ ఫైనాన్స్ అంటే అప్పులివ్వడం ఒక్కటే కాదు. ఖాతాల తనిఖీ, వాటాల విలువ కట్టడం, భాగస్వామ్య పెట్టుబడులు కూడా అందులోవే. మలేషియా కేంద్ర బ్యాంకు 2005లో కౌలాలంపూర్‌లో స్థాపించిన ఇన్సీఫ్ ఇస్లామిక్ ఫైనాన్స్ కోసమే నడుస్తోంది. ఏ ఉద్యోగం చేయదలచారో ముందే నిర్ణయించుకుని, ఉలమాలను సంప్రదించి కోర్సు ఎంచుకుంటే తర్వాత పశ్చాత్తాపం ఉండదు.

ఇక డబ్బు సంగతి. విదేశీ చదువుకు మైనారిటీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం ఉంది. అది అన్ని దేశాలకూ వర్తించదు. ఆదాయ పరిమితి, మార్కుల నిబంధన కూడా ఉన్నాయి. వాటిని చూసుకున్నాకే దేశాన్ని ఎంచుకోండి.

దరఖాస్తులు ఇరవై పెట్టనక్కరలేదు. ప్రతిదానికీ ఫీజు చెల్లించాలి. ఆశపడదగినవి రెండు, మన మార్కులకు తగినవి రెండు, తప్పక సీటు వచ్చేవి రెండు చాలు. ప్రతి కోర్సు సిలబస్ చదవండి. అక్కడ చదివినవారికి ఏ ఉద్యోగాలు వచ్చాయో వారినే అడగండి.

తల్లిదండ్రులారా! పిల్లవాడు ఎంచుకున్న విశ్వవిద్యాలయం పేరు అడిగి ఊరుకోకండి. అక్కడ ఏం నేర్పుతారో అడగండి. జవాబు తడుముకోకుండా వస్తేనే డబ్బు కట్టండి.