ఎండాకాలాన్ని దాటే మాత్, చలికాలాన్ని దాటే సీతాకోకచిలుక

తెలంగాణలోని చెన్నూరు, మహదేవపూర్ అడవుల్లో మద్దిచెట్ల మీద దసలి పట్టు పెంచే రైతులకు ఒక పెద్ద మాత్ బాగా తెలుసు. చాపిన రెక్కల వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు. ఒక్కో రెక్క మీద అద్దంలాంటి చుక్క ఉంటుంది. గ్రీన్‌లాండ్ ఈశాన్యాన, జాకెన్‌బర్గ్ లోయలో ఎగిరే ఆర్కిటిక్ ఫ్రిటిలరీ అనే నారింజ రంగు సీతాకోకచిలుక అయితే 4 సెంటీమీటర్లకు మించదు. అయినా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాల్సిన కారణం ఉంది.

ఎగరాలంటే ముందు రెక్కల కండరాలు వేడెక్కాలి. ఫ్రిటిలరీ రెక్కలు పరిచి ఎండ కాచుకుంటుంది. చిన్న ఒళ్లు తొందరగా వేడెక్కుతుంది, అంతే తొందరగా చల్లారుతుంది. మబ్బు కమ్మితే కింద వాలాల్సిందే. రాత్రిపూట తిరిగే మాత్‌కు ఎండ దొరకదు. దసలి మాత్ కుటుంబానికి చెందిన పెద్ద మాత్‌లు ఎగిరే ముందు కండరాలను వణికించి వేడి పుట్టించుకుంటాయి. ఒంటి మీది దట్టమైన నూగు ఆ వేడిని పట్టి ఉంచుతుంది. దీనికంతటికీ ఇంధనం గొంగళిపురుగు దశలో దాచుకున్న కొవ్వే. రెక్కలొచ్చిన దసలి మాత్ ఏమీ తినదు మరి!

మద్ది ఆకు తినే పురుగు కొన్ని వారాల్లోనే కాయ కడుతుంది. ఏడాదికి రెండు మూడు తరాలు గడుస్తాయి. ఫ్రిటిలరీ పురుగు పెరగడానికి సాధారణంగా రెండేళ్లు కావాలి. మధ్యలో మంచు కింద నిద్ర. దసలి ప్యూపా కూడా నిద్రపోతుంది, కాకపోతే వేసవి గడిచేదాకా కాయలోనే ఉండి తొలకరికి బయటికొస్తుంది.

ఇప్పుడు ఆ లెక్కలు తప్పుతున్నాయి. జాకెన్‌బర్గ్‌లో 1996 నుంచి 2013 వరకు పట్టిన సీతాకోకచిలుకల రెక్కలను శాస్త్రవేత్తలు కొలిచారు. వేసవి వెచ్చగా ఉన్నకొద్దీ ఫ్రిటిలరీ రెక్కలు పొట్టివయ్యాయి. ఎండ ఎక్కువైతే పెద్దగా పెరగాలి కదా అనిపిస్తుంది. కానీ వెచ్చదనంతో పురుగు ఒంట్లో శక్తి ఖర్చు పెరుగుతుంది, తిన్నది దానికి చాలకపోవచ్చని వారి వివరణ. ఒళ్లు చిన్నదైతే గుడ్లూ తగ్గవచ్చు, దూరం ఎగరడమూ కష్టం కావచ్చు.

దసలి రైతు భయం ఇంకోటి. విత్తనపు కాయలను దండలుగా గుచ్చి, గాలి ఆడే నీడలో వేలాడదీస్తారు. వేడి మితిమీరితే కొన్ని ప్యూపాలు లోపలే చనిపోతాయి. కొన్ని మాత్‌లు వానలు రాకముందే బయటపడతాయి. అప్పటికి జత దొరక్కపోవచ్చు, గుడ్లు పెట్టినా పురుగులకు లేత ఆకు ఉండకపోవచ్చు. రెక్కలొచ్చాక ఆ మాత్‌కు మిగిలేది కొద్ది రోజులే.